మీటరు చూసి నడిపేవాళ్ళు

మా అక్క పికప్ వ్యాను నడుపుతుంది. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు "అబ్బ, ఎంత ధైర్యమండీ!" అంటారు. నాకెందుకో ఆ మెచ్చుకోలు రుచించదు. అది ఆమె సాహసం కాదు, పని. కడియంలో వాళ్ళకి ఎకరంన్నర నర్సరీ ఉంది. నడుం ఆపరేషన్ అయ్యాక బావ బండి దిగాడు. డ్రైవర్ని పెట్టుకుంటే లోడు మీద మిగిలేదంతా అతని జీతానికే పోతుంది. అందుకని నలభై రెండో ఏట అక్క స్టీరింగ్ పట్టుకుంది. "కారు లైసెన్సుతో సరుకుల బండి నడపొచ్చా?" అని కొన్నాళ్ళు చుట్టుపక్కల వాళ్ళు ఆరా తీశారు. మొత్తం బరువు ఏడున్నర టన్నులు మించని బండికి ఆ లైసెన్సే చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చాక ఆ ప్రశ్న ఆగింది. బావ నడిపినన్నాళ్ళూ ఆయన లైసెన్సు సంగతి ఒక్కరూ అడగలేదని వేరే చెప్పాలా?

మొక్కల లోడు రాత్రిపూటే కదులుతుంది. పగటి ఎండలో, ఎదురుగాలిలో దాదాపు రెండు వందల కిలోమీటర్లు వెళ్తే విశాఖపట్నం చేరేసరికి లేత చిగుళ్ళన్నీ తలలు వాల్చేస్తాయి. కాబట్టి అక్క డ్రైవింగంతా చీకట్లోనే. బండి 2006లో కొన్నది. డాష్‌బోర్డులో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతూ వచ్చి, పూర్తిగా చీకటై పదేళ్ళు దాటింది. ఈ పదేళ్ళలో టైర్లు మారాయి, క్లచ్ ప్లేట్లు మారాయి, క్యాబిన్లో దేవుడి పటం చుట్టూ రంగురంగుల సీరియల్ లైట్లు కూడా వచ్చాయి. మీటర్ల వెనక బల్బులు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

బావకి వాటితో అవసరం పడలేదు. ఆయన చెవితో నడిపేవాడు. ఇంజను గొంతు మారితే గేరు మార్చేవాడు, టైర్ల కింద రోడ్డు చేసే చప్పుడుని బట్టి స్పీడు చెప్పేవాడు. అక్క అలా నడపలేదు. సీటు పక్కన సెల్‌ఫోను పెట్టుకుని, మధ్యమధ్యలో టార్చి వేసి మీటర్ల మీద కొట్టి చూసుకునేది. ఇది ప్రమాదమని ఆమెకి తెలుసు. చీకటికి అలవాటు పడ్డ కన్ను ఒక్కసారి తెల్లటి వెలుగు చూస్తే మళ్ళీ రోడ్డు పూర్తిగా కనపడటానికి సమయం పడుతుంది. మసక వెలుతుర్లో చూపునిచ్చే కణాలు పూర్తిగా సర్దుకోవాలంటే ఇరవై, ముప్ఫై నిమిషాలు కావాలి. తుని దాటాక ఎదురుగా లారీ వస్తున్నప్పుడు అన్ని నిమిషాలు ఎవరిస్తారు?

దీపాలు వేయించమని మెకానిక్కుని అడిగితే అతను నవ్వాడట. "మీటర్లు చూసి నడిపేవోళ్ళు డ్రైవర్లేంటండీ!" అన్నాడట. అక్క ఈ మాట నాకు ఫోన్లో చెప్పి తనూ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ మాట చాలా రోజులు నాలోనే తిరిగింది.

ఎందుకంటే అతను చెప్పినదాంట్లో కొంత నిజముంది. చెవితో తెలుసుకోవటం గొప్ప విద్య. దాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ ఆ విద్య ఎక్కణ్ణించి వచ్చింది? బావ పదిహేనో ఏట లారీ క్లీనరుగా ఎక్కాడు. రాత్రిళ్ళు ధాబాల దగ్గర మంచాల మీద పడుకుని పెద్ద డ్రైవర్ల కబుర్లు విన్నాడు. బానెట్ ఎత్తిన ప్రతి చోటా నిలబడి తొంగి చూశాడు, ఎవరూ తరిమెయ్యలేదు. అదే వయసులో అక్క కూడా ఒక విద్య నేర్చుకుంది. పాలిథీన్ సంచిలో మొక్కని ఒక చేత్తో ఎత్తి, బరువుని బట్టి నీళ్ళు చాలాయో లేదో చెప్పేస్తుంది. వేల మొక్కల మధ్య నడుస్తూ దాహంతో ఉన్నదాని దగ్గర ఆగుతుంది. దాన్ని మాత్రం ఎవరూ విద్య అనరు. "ఆడాళ్ళకి అలవాటే కదా" అంటారు. మగవాడి అలవాటు నైపుణ్యం అవుతుంది, ఆడదాని నైపుణ్యం అలవాటవుతుంది.

ఇంకొకటి. ఏ రంగంలోకైనా ఆలస్యంగా వచ్చినవాళ్ళకి రాసిపెట్టి ఉన్నదే ఆధారం. నాకిది నా ఉద్యోగంలో బాగా తెలుసు. సెలవు నిబంధనలో, ప్రాజెక్టు నిధుల నిబంధనలో చదివి వచ్చి మాట్లాడే ఆడవాళ్ళని చూసి "ఈవిడకి అన్నీ రూల్సే" అని విసుక్కుంటారు. మిగతావాళ్ళు ఆ కాగితాలు చదవరు, చదవాల్సిన పని లేదు. సాయంత్రం టీ కొట్టు దగ్గర వాళ్ళకి అన్నీ తెలిసిపోతాయి. ఆ కొట్టు దగ్గర మనకి చోటు లేదు కాబట్టి మనం చదువుకుంటాం. మళ్ళీ ఆ చదువుకోవటాన్నే మన తెలివితక్కువతనానికి రుజువుగా చూపిస్తారు! అక్క మీటరు చూసి నడుపుతానంటే వచ్చిన నవ్వు కూడా ఈ జాతిదే. నా మటుకు నాకు, ముల్లు చూసి నడిపే డ్రైవరు పక్కన కూర్చోవడమే ఇష్టం.

సంక్రాంతి సెలవులకి వెళ్ళినప్పుడు "మనమే మార్చేద్దాం" అన్నాను. అక్క నన్ను ఎగాదిగా చూసింది. "ఏమే, పీహెచ్‌డీలో ఇది కూడా చెప్పారా?" అంది. చెప్పలేదు. కానీ స్క్రూలు ఎక్కడున్నాయో చూడటానికి కళ్ళు చాలు, విప్పిన స్క్రూలు ఏ వరసలో పెట్టాలో తెలియడానికి ఇడ్లీ ప్లేటు చాలు. ఒక్కో గుంటలో ఒక్కో చోటు స్క్రూలు!

బల్బుల కోసం ముందు రాజమండ్రి వెళ్ళాం. ఆటో ఎలక్ట్రికల్ షాపులవీధి అంతా ఇంజనాయిలు వాసన. సంచీ మోయడానికి నర్సరీలో పనిచేసే పదిహేడేళ్ళ కుర్రాణ్ణి తీసుకెళ్ళాం. పాత బల్బు చేతిలో పట్టుకుని అక్క అడుగుతోంది, షాపతను కుర్రాడి వైపు చూసి జవాబు చెప్తున్నాడు. "ఎల్‌ఈడీ వేసుకోండి తమ్ముడూ, నీలం తీసుకోండి, స్టైల్‌గా ఉంటది." కుర్రాడు పాపం సెల్‌లో క్రికెట్ చూసుకుంటున్నాడు. అక్క మళ్ళీ ఏదో అడిగింది. మళ్ళీ జవాబు కుర్రాడికే. ఆ వరసలోనే అతను మాకు అన్నిటికన్నా విలువైన మాట చెప్పాడు, అదీ కుర్రాడితోనే! "అన్నీ మార్చుకోండి గానీ, ఆ చార్జింగ్ లైటు బల్బు జోలికి మాత్రం పోకండి. బ్యాటరీ దిగిపోద్ది."

ఎందుకని అడిగాను. ఈసారి నావైపు తిరిగి, కాస్త ఆశ్చర్యంగానే, ఓపిగ్గా చెప్పాడు. ఆల్టర్నేటర్, ఊళ్ళో ఇప్పటికీ డైనమో అనే అంటారు, తిరగటం మొదలుపెట్టగానే దానంతట అది సరిగ్గా కరెంటు పుట్టించలేదు. మొదట బ్యాటరీ నుంచి దానికి కాస్త కరెంటు అందాలి. పాత బండ్లలో చాలావాటికి ఆ కరెంటు వెళ్ళే దారి చార్జింగ్ దీపంలోంచే. ఫిలమెంటు బల్బు తీసేసి అతి తక్కువ కరెంటు తాగే ఎల్‌ఈడీ పెడితే ఆ దారి సన్నబడిపోతుంది. ఇంజను తిరుగుతున్నా బ్యాటరీ చార్జ్ కాకపోవచ్చు. మనం దాన్ని హెచ్చరిక దీపమనుకుంటాం. నిజానికి అది హెచ్చరిస్తూనే పని కూడా మొదలుపెట్టిస్తోంది! ఇది ఏ మాన్యువల్లోనూ కాక ఆ షాపులో దొరికింది. చెవి విద్యని తక్కువ చెయ్యనని అందుకే అన్నాను. నా తగువు ఆ విద్యతో కాదు, దాన్ని ఎవరి వైపు తిరిగి చెప్తారన్నదానితో.

ఆ షాపు పక్కనే రేడియం కొట్టు. మనవైపు రేడియం అంటే తెలుసుగా, నంబరు ప్లేట్ల మీదా, బంపర్ల మీదా అతికించే మెరిసే స్టిక్కరు. వెలుగు పడితే తిరగ్గొట్టి మెరుస్తుందంతే, అందులో రేడియం అణువొక్కటి కూడా లేదు. మరి ఆ పేరెలా వచ్చిందని అక్క అడిగింది. చీకట్లో మెరిసేదానికల్లా ఒకప్పుడు లోకం పెట్టుకున్న పేరది. గడియారాల ముళ్ళు, విమానాల మీటర్లు రాత్రిపూట కనపడటానికి నిజంగానే రేడియం పూసిన కాలం ఉంది. ఆ పూసిన చేతులన్నీ దాదాపుగా ఆడపిల్లలవే.

తిరుగు ప్రయాణంలో అక్కకి ఆ కథ చెప్పుకుంటూ వచ్చాను. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం, ఆరెంజ్ అనే ఊరు. 1917లో అక్కడ డయళ్ళకి రేడియం రంగు వేసే ఫ్యాక్టరీ మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజులు, సైనికుల గడియారాలకి గిరాకీ. పనిలో చేరినవాళ్ళలో పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లలు కూడా ఉన్నారు. ఎన్ని డయళ్ళకి రంగేస్తే అంత కూలి. అంకెలు సన్నగా రావాలి కాబట్టి కుంచె మొనని పెదవులతో తడిపి సూదిగా చేసుకోమన్నారు. ప్రతి డయలుకీ కొన్ని సార్లు. రంగు నోట్లోకి పోతే ఏమీ కాదన్నారు. అదే ఫ్యాక్టరీలో రసాయన శాస్త్రవేత్తలు సీసపు తెరల వెనక నిలబడి, పటకార్లతో పనిచేసేవాళ్ళు. పిల్లలకి ఆ తేడా అర్థం కాలేదు. జుట్టు మీదా బట్టల మీదా పడ్డ పొడి రాత్రి మెరుస్తుంటే మురిసిపోయారు. సరదాకి గోళ్ళకీ పళ్ళకీ పూసుకున్నారు.

తర్వాత దవడ ఎముకలు కుళ్ళి ఊడిపోవటం మొదలైంది. మోలీ మాగియా అనే అమ్మాయి 1922లో చనిపోయింది. మరణ ధ్రువపత్రంలో కారణం సిఫిలిస్ అని రాశారు! చూశారా, ఆడపిల్ల ఏ జబ్బుతో పోయినా ముందు వేలు ఎటు చూపిస్తుందో! 1927లో ఆమె శవపేటిక వెలికి తీసి పరీక్షించారు. సిఫిలిస్ ఆనవాళ్ళే లేవు, ఎముకల నిండా రేడియం. అదే సంవత్సరం గ్రేస్ ఫ్రైయర్‌తో కలిసి కోర్టుకెక్కిన అయిదుగురిలో ఇద్దరు మోలీ అక్కచెల్లెళ్ళు, క్వింటా మెక్‌డొనాల్డ్, అల్బినా లారీస్. 1928లో ఒక్కొక్కరికి పదివేల డాలర్లు, బతికున్నన్నాళ్ళు ఏటా ఆరువందల డాలర్ల పింఛను అని కేసు రాజీ అయింది. బతికున్నన్నాళ్ళు! ఎన్నాళ్ళు బతుకుతారో ఇద్దరికీ తెలుసు. ఆ తర్వాత ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒటావాలో కేథరిన్ డోనహ్యూ అనే మరో కార్మికురాలు 1938లో మంచంలోంచే సాక్ష్యం చెప్పింది, ఆ ఏడే కన్నుమూసింది.

ఆ పాత డయళ్ళలో చాలావాటికి ఇప్పుడు మెరుపు లేదు. వెలిగేది రేడియం కాదు, దాంతో కలిపిన జింక్ సల్ఫైడ్. రేడియం కిరణాలు తగిలి తగిలి ఆ పొడి అరిగిపోయింది. రేడియం మాత్రం ఉంది. అది సగానికి తగ్గాలంటే దాదాపు పదహారు వందల ఏళ్ళు పడుతుంది. వెలుగు ఆగింది, విషం ఆగలేదు.

అక్క చాలాసేపు ఏం మాట్లాడలేదు. కడియపులంక మలుపు దగ్గర, "వాళ్ళకి రంగేసిన మీటరు ఎప్పుడైనా వాడే పని పడిందంటావా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. కార్మిక చరిత్ర చదివేటప్పుడు నాకు తట్టని ప్రశ్న అది, బండి నడిపేదానికి తట్టింది.

మర్నాడు పొద్దున్నే మామిడి చెట్టు కింద పని మొదలుపెట్టాం. ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పటం, అది అక్కే చేసింది. పై చట్రం స్క్రూలు తీసి, మీటర్ల పెట్టెని మెల్లగా ముందుకి లాగి, స్పీడోమీటరు కేబులు వెనక నుంచి విడదీశాం. దాని వీపు చూస్తే ముచ్చటేసింది. పలచటి ప్లాస్టిక్ కాగితం మీద రాగి దారులు, వాటి మధ్య చిన్న చిన్న నల్లటి హోల్డర్లు. పావు వంతు తిప్పితే చేతిలోకొస్తాయి. ఒక్కో బల్బూ లోపల మసిపట్టి అద్దంలా నల్లబడింది. ఏళ్ళ తరబడి వేడికి టంగ్‌స్టన్ ఆవిరై గాజుకి అంటుకుంటే అలా అవుతుంది.

ఆ స్క్రూలు తిప్పుతుంటే రొకేయా గుర్తొచ్చింది. 'సుల్తానాస్ డ్రీమ్' 1905లో మద్రాసులో 'ఇండియన్ లేడీస్ మ్యాగజీన్'లో వచ్చింది. ఏటా క్లాసులో పాఠం చెప్తాం. సూర్యుడి వేడిని పట్టి దాచటం గురించి, మగవాళ్ళని జెనానాలో పెట్టటం గురించి చర్చిస్తాం. గాలిబండి ఎక్కే ముందు సిస్టర్ సారా తన చేత్తోనే ఒక చెక్కకి సీట్లు స్క్రూలతో బిగిస్తుంది. ఆ వాక్యం దగ్గర ఆగిన వ్యాసం ఒక్కటి కూడా నా కంటబడలేదు. మన విమర్శకి కలలంటే ఉన్నంత ఇష్టం స్క్రూల మీద లేదు!

ఎల్‌ఈడీకి తల, తోక ఉంటాయి. మామూలు బల్బు ఎటు పెట్టినా వెలుగుతుంది, ఇది తిరగేసి పెడితే వెలగదు. కాబట్టి అన్నీ బిగించే ముందు బ్యాటరీ తీగ తగిలించి ఒక్కసారి చూసుకోవాలి. మా ఆరింటిలో రెండు వెలగలేదు, తీసి తిప్పి పెడితే వెలిగాయి. అక్క చప్పట్లు కొట్టింది. బావ అరుగు మీద నుంచి "వైరు కాలిన వాసనొస్తందేమో చూడండే" అని రెండుసార్లు అరిచాడు. రాలేదు. హెడ్‌లైటు హైబీమ్‌లో ఉందని చెప్పే చిన్న నీలి దీపం బాగానే ఉంది, దాన్ని కదపలేదు. చార్జింగ్ బల్బు సరేసరి.

నీలం ఎందుకు తీసుకోలేదంటే, చీకటికి అలవాటు పడ్డ కన్ను నీలం, ఆకుపచ్చల వైపు వెలుగుకే ఎక్కువ స్పందిస్తుంది. ఎరుపుకి చాలా తక్కువ. కళ్ళెదుట నీలి దీపాలు గట్టిగా వెలుగుతుంటే అవతలి రోడ్డు మసకబారుతుంది. స్టైలు ఎవరి కోసం, బండి పక్కన నడిచేవాడి కోసమా? మేం పసుపు కలిసిన తెలుపు తీసుకున్నాం. అయినా మొదటి రాత్రి అక్క పెదవి విరిచింది. "ఎక్కువైందే. పెళ్ళి పందిరిలా ఉంది" అంది. డిమ్మరు తిప్పితే తగ్గాలి కదా అని చూస్తే పెద్దగా తగ్గలేదు. ఆ పాత డిమ్మరు ఫిలమెంటు బల్బులు తాగే కరెంటుకి తగ్గట్టు చేసింది, ఎల్‌ఈడీలు తాగే కాస్త కరెంటుని అది సరిగ్గా అదుపు చెయ్యలేదు. మళ్ళీ మొత్తం విప్పి, ఒక్కో దానికి పలచటి సిలికాన్ తొడుగు వేశాం. వెలుగు మెత్తబడింది, అంకెల మీద సమంగా పరుచుకుంది. రెండోసారి విప్పటానికి మొదటిసారి పట్టినదాంట్లో సగం కూడా పట్టలేదు.

ఆ రాత్రి లోడుకి నేనూ వెళ్ళాను. నందివర్ధనాలు, క్రోటన్లు, పైన గ్రీన్ నెట్. జగ్గంపేట దాటాక అక్క అంది, "ఇన్నాళ్ళూ నేను డెబ్బైలో వెళ్తున్నాననుకున్నానే. యాభై అయిదు కూడా దాటట్లేదు." కాసేపాగి, "మరి డీజిలు ముల్లు ఏంటే, ఇందాకట్నుంచీ ఒకేచోట ఉంది?" అంది. చూశాను. సగం ట్యాంకు దగ్గర కదలకుండా ఉంది. ఎన్నేళ్ళుగా అలా ఉందో! దీపం లేకపోవటంతో రాత్రిళ్ళు కనపడక, బావకి పగలు చూసే అలవాటు లేక, అది పాడైందన్న సంగతే బయటపడలేదు. ఫోన్ చేసి అడిగితే, "దాన్ని నేనెప్పుడు నమ్మాను? కిలోమీటర్ల లెక్కే" అన్నాడు తాపీగా. ఆ లెక్క ఆయన తలలోనే ఉండేది, బండితోపాటు అక్క చేతికి రాలేదు.

ఇప్పుడు అక్క సీటు పక్కన సెల్‌ఫోను బదులు ఒక నోటు పుస్తకం ఉంటోంది. బయల్దేరేముందు ఒక అంకె, లోడు దించాక ఒక అంకె, పోయించిన డీజిలు లీటర్లు. రెండు నెలలు రాశాక లెక్క తేలింది. వాళ్ళకి కిరాయి కట్టే ఏజెంటు ఒక్కో ట్రిప్పుకి పంతొమ్మిది కిలోమీటర్లు తక్కువ లెక్కగడుతున్నాడు, నగరంలోపల తిరిగే దూరం కలపకుండా. అక్క పుస్తకం తీసి చూపించింది. "మేడమ్‌గారు ఇవన్నీ రాసుకుంటున్నారా!" అని అతను నవ్వాడట. పాత బకాయి మాట ఎత్తనివ్వలేదు కానీ, ఆ ట్రిప్పు నుంచి కలిపి ఇస్తున్నాడు.

డీజిలు ముల్లు ఇంకా సగం దగ్గరే ఉంది. ట్యాంకులో ఫ్లోటు ఇరుక్కుందో, తీగ తెగిందో విప్పి చూస్తేగానీ తెలియదు. ట్యాంకు దాదాపు ఖాళీ అయిన రోజు చూసి కబురు చేస్తానంది, పది నంబరు పానా ఇంకోటి కొనుక్కుని రమ్మంది.